ప్రాథమిక బడిలో తరగతి పరిశీలన – నా అనుభవం

డీఎల్‌ఎడ్‌లో (ప్రాథమిక టీచర్ల శిక్షణ కోర్సు) తరగతి పరిశీలనకు బడికి పంపేటప్పుడు ఛాత్రోపాధ్యాయుల, అంటే శిక్షణలో ఉన్న మనలాంటివాళ్ల, చేతికి ఒక ఫార్మాటు ఇస్తారు. తరగతి, విషయం, పాఠ్యాంశం, ప్రేరణ ఎలా కల్పించారు, ఏ టీఎల్‌ఎం (బోధన సామగ్రి) వాడారు, నల్లబల్ల పని ఎలా ఉంది, మూల్యాంకనం చేశారా – దాదాపు అన్ని గడులూ టీచర్ గురించినవే. వాటిని నింపుతూ కూర్చుంటే పీరియడ్ మొత్తం మన చూపు టీచర్ మీదే ఉంటుంది. పాఠం బాగా చెప్పారని రాసుకుని బయటికొస్తాం. ఆ పాఠం ఎవరికి అందింది, ఎవరి దగ్గర ఆగిపోయింది అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఫార్మాటు సాయంత్రం ఇంటికెళ్లి నింపుకోవచ్చు. బడిలో ఉన్నంతసేపూ చూడాల్సింది పిల్లల్ని, అదీ అందర్నీ కాదు, ఓ నలుగుర్ని.

ముందస్తు పనులు త్వరగా చెప్పేస్తాను. డైట్ (జిల్లా శిక్షణ సంస్థ) నుంచి ఇచ్చే లెటర్ మూడు కాపీలు తీసి, ఒకటి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో, ఒకటి హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) గారికి ఇచ్చి, మూడోదాని మీద అందినట్టు సంతకాలు తెచ్చుకోవాలి. రేపు రికార్డు సమర్పించేటప్పుడు అది పనికొస్తుంది. పరిశీలనకు ముందురోజు సాయంత్రం బడి వదిలే వేళకు ఒకసారి వెళ్లి టైంటేబుల్, తరగతివారీ నమోదు, ఏయే తరగతుల్ని కలిపి కూర్చోబెడుతున్నారు అన్నవి రాసుకొస్తే మర్నాడు తడబాటు ఉండదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు వరకు కలిపి 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. అంటే నలభై మంది ఉన్న ఊరిబడిలో ఐదు తరగతులకు ఇద్దరే. ఒక గదిలో ఒక తరగతి, దానికో టీచర్ అనుకుని అచ్చేసిన ఫార్మాటు అక్కడ మొదటి గంటలోనే చేతులెత్తేస్తుంది.

తీసుకెళ్లాల్సినవి: గీతల్లేని తెల్లకాగితాలు ఓ పది, లాంగ్ నోట్‌బుక్, నీలం పెన్ను, నలుపు పెన్ను, చేతి గడియారం. ఫోను సంచిలోంచి తీయకపోవడమే మంచిది. మనం టైం చూసుకోవడానికి తీసినా పిల్లలు ఫొటో అనుకుంటారు, టీచర్ రికార్డింగ్ అనుకుంటారు. ఎర్ర పెన్ను వద్దు. అది చేతిలో కనబడితే పిల్లలు నోట్‌బుక్కులు పట్టుకుని దిద్దించుకోవడానికి వరస కట్టేస్తారు.

ఎక్కడ కూర్చుంటాం అన్నదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, ఏం కనబడుతుందో దాన్నిబట్టే తేలిపోతుంది. మర్యాదకొద్దీ హెచ్‌ఎం గారు వెనక గోడ దగ్గర కుర్చీ వేయిస్తారు. అక్కడినుంచి టీచర్ ముఖం, పిల్లల వీపులు కనిపిస్తాయి. మనకు కావాల్సింది సరిగ్గా ఇందుకు తలకిందులు. "ఇక్కడ పక్కగా కూర్చోమంటారా మేడం?" అని అడిగి, బోర్డున్న గోడకు ఓ పక్క మూలలో, చిన్న స్టూలు మీదో పిల్లలతో పాటు పట్టా మీదో కూర్చుంటే పిల్లల కళ్లు, పెదాలు, పలకలు కనిపిస్తాయి. ఇంటర్వెల్‌లో గది ఖాళీ అయినప్పుడు చిట్టచివరి పిల్ల కూర్చునే చోట, ఆ పిల్ల ఎత్తులో కూర్చుని బోర్డు వంక చూడాలి. కిటికీ వెలుగు పడి బోర్డులో మూడోవంతు మెరిసిపోతుండటం, ముందున్న బీరువా అడ్డు రావడం అప్పుడే తెలుస్తాయి. ఒకటో తరగతికి బోర్డు మీద అక్షరం బెత్తెడు ఎత్తు లేకపోతే వెనక వరసలో ఒత్తులూ గుణింతపు గుర్తులూ ఆనవు. ఆ పిల్ల రాయడం లేదని కసురుకునే ముందు చూసుకోవాల్సింది ఇది.

మొదటి పీరియడ్ లెక్కలోకి రాదు. పిల్లలు మన చీరో చొక్కానో, మన సంచినో చూస్తుంటారు, "మేడం, మీరు మాకు వస్తారా?" అని అడుగుతుంటారు. ఎవరైనా పలక తెచ్చి చూపిస్తే "మీ టీచర్‌కి చూపించమ్మా" అని పంపేయాలి. ఒక్కసారి "వెరీ గుడ్" అన్నామా, ఇరవై పలకలు మన చుట్టూ చేరతాయి, అక్కడితో పరిశీలన ముగిసినట్టే.

రెండో పీరియడ్‌కి ముందు తెల్లకాగితం మీద తరగతి బొమ్మ గీసుకోవాలి. ఎవరెక్కడ కూర్చున్నారో తెలిసేలా, ఎంతమంది ఉంటే అన్ని గడులు. పేర్లు రాయకూడదు, నంబర్లే. పేరు రాసిన కాగితం చేతులు మారితే నష్టపోయేది పిల్లలు. అందులోంచి నలుగుర్ని ఎంచుకోవాలి: టీచర్ ఎక్కువగా పిలిచే ఒకరు, మధ్య వరసలో ఎవరికీ పట్టని ఒకరు, గోడ పక్కనో తలుపు పక్కనో ఉండే ఒకరు, అల్లరి అని పేరుపడ్డ ఒకరు. రెండు నిమిషాలకోసారి తలెత్తి ఆ నలుగుర్ని అదే వరసలో చూసి ఒక్కొక్కరికి ఒక్కో అక్షరం వేసుకోవాలి. ప అంటే పనిలో ఉన్నారు, వి అంటే వింటున్నారు, కా అంటే కాపీ, ఎ అంటే పని అయిపోయి ఎదురుచూస్తున్నారు, బ అంటే ధ్యాస బయట. నలభై నిమిషాల పీరియడ్‌లో ఇరవై చూపులు, నలుగురికీ కలిపి ఎనభై అక్షరాలు. పీరియడ్ అయ్యాక ఆ కాగితం తిప్పి చూస్తే, అల్లరివాడు అనుకున్న పిల్లవాడి వరసలో బ కంటే ఎ ఎక్కువ కనబడటం చాలాచోట్ల జరుగుతుంది. పని ముందే ముగించి ఖాళీగా ఉన్నాడు కాబట్టి పక్కవాడి చొక్కా లాగుతున్నాడు, అంతే.

తరగతిలో ఎవరెంత మాట్లాడుతున్నారో లెక్కగట్టే ఫ్లాండర్స్ పద్ధతిని డీఎల్‌ఎడ్ పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. పది వర్గాలు: ఏడు టీచర్ మాటలవి, రెండు పిల్లల మాటలవి, ఒకటి నిశ్శబ్దం లేదా గందరగోళం. మూడు సెకన్లకోసారి, అప్పుడు నడుస్తున్న వర్గం అంకె వేయాలి. కాగితం, పెన్నుతో పీరియడ్ మొత్తం ఇలా చేయబోతే చేయి నొప్పి తప్ప ఏమీ మిగలదు. పాఠం మధ్యలో ఒక్క ఐదు నిమిషాలు చేస్తే వంద అంకెలొస్తాయి, ఎవరెంత మాట్లాడుతున్నారో తెలియడానికి అది చాలు. అయితే ఈ పద్ధతి మాటల్ని మాత్రమే లెక్కపెడుతుంది. ఒకటో తరగతి పిల్లలు నేర్చుకునేది సగం చేతులతో. అది ఆ అంకెల్లోకి రాదు.

మన బడుల్లో పాఠం నడిచే తీరుకు ఒక లయ ఉంది. టీచర్ వాక్యం సగం చెప్పి ఆపుతారు, మిగతా సగం పిల్లలు అందుకుంటారు. "మొక్కకు ఆహారం తయారుచేసేది ఆ...?" "కులూ!" "మనం పీల్చుకునేది ఆక్సి...?" "జన్!" చివర్లో "అర్థమైందా?" "అయ్యింది టీచర్!" గది దద్దరిల్లిపోతుంది. 'విద్యార్థుల భాగస్వామ్యం చక్కగా ఉంది' అని రాసుకోబుద్ధవుతుంది. పక్క మూల నుంచి పెదాలు చూస్తే సంగతి వేరు. ముందుగా అందుకునేది ముగ్గురో నలుగురో. మిగతావాళ్లు ఆ మాట చెవినపడ్డాక అర సెకను వెనక కలుస్తారు. కొందరు చివరి అక్షరం మాత్రమే అంటారు. ఒకరిద్దరు నోరు తెరుస్తారు, మాట మాత్రం రాదు. బోర్డు వైపు తిరిగి రాస్తున్న టీచర్ చెవికి తరగతి మొత్తం చెప్పినట్టే వినబడుతుంది. దీన్ని పట్టుకోవాలంటే గుంపును చూడకూడదు. ఒక ప్రశ్నకు ఒక్క నోరు మాత్రమే చూడాలి. నలుగురు పిల్లలకు ఐదేసి ప్రశ్నల చొప్పున చూస్తే ఒక పాఠంలోనే తేలిపోతుంది.

కోరస్ తప్పని నేననను. గేయానికి, ఎక్కాలకు, కొత్త మాట నోరు తిరగడానికి అది కావాలి. ఒక్కతే మాట్లాడాలంటే జంకే పిల్లకు అది చాటు కూడా. దాన్నే పరీక్షగా లెక్కపెట్టినప్పుడే చిక్కు. బాగా చెప్పే టీచర్లు కోరస్ అవగానే "పలకల మీద రాయండి, బోర్లా పెట్టండి, నేను చెప్పినప్పుడే ఎత్తండి" అంటారు. ఇరవై పలకలు ఒక్కసారి లేస్తే ఎవరికొచ్చు, ఎవరికి రాదు అన్నది పది సెకన్లలో కళ్ల ముందుంటుంది. 'బోర్లా పెట్టండి' అన్న ఒక్క మాట లేకపోతే ఆ పద్ధతి చెడుతుంది: ముందు రాసినవాళ్ల పలకలు చూసి మిగతావాళ్లు రాసేస్తారు.

ప్రశ్న అడిగాక ఆగడం గురించి మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే రాశారు. టీచర్లు సాధారణంగా ఒక సెకను దాకానే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయనీ, అంతకుముందు నోరెత్తనివాళ్లు కూడా ముందుకొస్తారనీ ఆమె గమనించారు. బడిలో దీన్ని కొలవడం చాలా తేలిక. ప్రశ్న ముగిసిన క్షణం నుంచి మనసులో ఒకటీ... రెండూ... మూడూ అనుకోవడమే. రెండు అనేలోపే టీచర్ ఇంకొకర్ని లేపడమో, జవాబు తానే చెప్పేయడమో జరుగుతుంది. మన దగ్గర దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మూడు సెకన్ల నిశ్శబ్దంలో "టీచర్, నేను చెప్తా! నేను చెప్తా!" అని పది చేతులు లేస్తాయి, ఆ గోల ఆపడానికే టీచర్ తొందరపడతారు. చేతులెత్తకుండా పేరు పిలిచే అలవాటున్న తరగతిలో ఆగడం సులువవుతుంది. ప్రశ్న ముందు, పేరు తర్వాత రావాలి. పేరు ముందు పిలిస్తే మిగతా పంతొమ్మిది మందీ ఆ ప్రశ్న తమది కాదనుకుంటారు.

"బోర్డు మీదున్నది రాయండి" అన్నాక తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి మనమూ కాస్త నడుం వాలుస్తాం. అసలు చూడాల్సింది అప్పుడే. బోర్డు మీద 'పుస్తకం' అని ఉందనుకుందాం. చదవడం వచ్చిన పిల్ల ఒకసారి తలెత్తి మాట మొత్తం తీసుకుని రాసేస్తుంది. రానిపిల్ల 'పు'కి ఒకసారి, 'స'కి ఒకసారి, కింద తవత్తుకి ఇంకోసారి, 'కం'కి మళ్లీ ఒకటి రెండుసార్లు తలెత్తుతుంది. తవత్తును అక్షరంలా రాయదు, బొమ్మలా గీస్తుంది. చివరికి ఇద్దరి నోట్‌బుక్కుల్లోనూ 'పుస్తకం' ఒకేలా ఉంటుంది, ఇద్దరికీ టిక్కు పడుతుంది. మాటకు ఎన్నిసార్లు తల లేచిందో లెక్కపెడితే, చదవమని అడగకుండానే చదువు ఎంత వచ్చో తెలిసిపోతుంది. దస్తూరి ముత్యాల్లా ఉండి చదవడం రాని పిల్లలు మూడు, నాలుగు తరగతుల్లో కూడా దొరుకుతారు. వాళ్లను ఎవరూ అనుమానించరు.

చదవడం కూడా అంతే. తెలుగు వాచకంలో గేయంతో మొదలుపెట్టి గేయంలోంచి మాటకు, మాటలోంచి అక్షరానికి వెళ్లే పద్ధతి మంచిదే గానీ, దానివల్ల పిల్లలు పేజీని కంఠస్థం చేసి, చదువుతున్నట్టు కనబడటానికి వీలుంటుంది. వేలు చూస్తే తెలిసిపోతుంది. నోరు 'పాలు' దగ్గరుంటే వేలు 'పిల్లి' దగ్గరే ఉంటుంది, లేదా వాక్యం అయిపోయేసరికి వేలు రెండో వరస మధ్యలో ఉంటుంది. టీచర్ అనుమతితో ఇంటర్వెల్‌లో అదే వాక్యంలో చివరి మాట ముందు, మధ్య మాట తర్వాత చూపించి అడిగితే తేలుతుంది. ఏ అక్షరాల దగ్గర తడబడుతున్నారో విడిగా రాసుకోవాలి. ప–వ, న–స, మ–య, ద–ధ–థ జంటలు ఎక్కువగా వస్తాయి. ఒత్తు మింగేయడం ఇంకా ఎక్కువ: 'చెట్టు'ని 'చెటు' అని, 'అన్నం'ని 'అనం' అని చదువుతారు. 'తెలుగు చదవడంలో వెనకబడి ఉన్నారు' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'ఏడో నంబరు గుణింతాలు చదువుతుంది, ఒత్తులు వదిలేస్తుంది' అని రాస్తే టీచర్‌కి రేపు ఏం చేయాలో తెలుస్తుంది.

నిపుణ్ భారత్ (చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలన్న కేంద్ర పథకం) లక్ష్యాల్లో రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి చివరికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. గడియారం పెట్టి చదివించేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో ఒక మాట 'మా' కావచ్చు, 'తీసుకొచ్చినప్పుడల్లా' కావచ్చు. ఏ పేరా ఇచ్చామన్నదాన్నిబట్టి అంకె చాలా మారుతుంది. ఒక పిల్ల ఎదుగుదల చూడాలంటే అదే స్థాయి పేరాతో మళ్లీ చూడాలి తప్ప, రెండు బడుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం అనవసరం.

లెక్కల పీరియడ్‌లో నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేం. ఎందుకంటే అక్కడ పిల్లల ఆలోచన కాగితం మీద కనబడుతుంది. రెండు, మూడు తరగతుల్లో అప్పు తెచ్చుకునే తీసివేత చూడండి. బోర్డు మీద 52 – 27. జవాబు 25. తప్పు చేసినవాళ్లలో చాలామంది నోట్‌బుక్కుల్లో 35 కనబడుతుంది. ఒకే తప్పు జవాబు కాబట్టి ఒకే తప్పు అనుకుంటాం. కానీ అందులో రెండు రకాలవాళ్లుంటారు. ఒకరు ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిరగేసి ఏడులోంచి రెండు తీసి ఐదు వేశారు. ఇంకొకరు అప్పు తెచ్చుకున్నారు, పన్నెండులోంచి ఏడు తీసి ఐదు వేశారు, అయితే పదుల స్థానంలో ఐదును నాలుగు చేయడం మరిచారు. ఇద్దరికీ 35 వచ్చింది. మొదటివాళ్లకు స్థానవిలువ నుంచి మళ్లీ చెప్పాలి. రెండోవాళ్లకు ఒక్క మెట్టు గుర్తుచేస్తే చాలు. లెక్కను 53 – 27గా మార్చితే ఇద్దరూ విడిపోతారు: తిరగేసి తీసేవాళ్లకు 34, తగ్గించడం మరిచినవాళ్లకు 36, సరిగా చేసినవాళ్లకు 26. ఒకట్ల అంకెల మధ్య తేడా ఐదు ఉన్న లెక్కల్లో మాత్రమే ఈ రెండు తప్పులూ ఒకే జవాబునిస్తాయి. లెక్కలు ఎంచుకునేటప్పుడు అది చూసుకోవడం ఒక పని; మనం పాఠ్య ప్రణాళిక రాసే రోజున పనికొస్తుంది.

అదే పాఠంలో పుల్లల కట్టలు వాడే టీచర్లుంటారు. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి ఇరవై ఏడు తీయమంటే, ఒక కట్ట విప్పాలని పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్లే విప్పుతారు. పుల్లలతో సరిగ్గా చేసిన పిల్లే ఐదు నిమిషాల తర్వాత కాగితం మీద 35 వేస్తుంది. టీఎల్‌ఎం పని చేయలేదని రాయడం తొందరపాటు. కట్ట విప్పిన క్షణంలోనే బోర్డు మీద 5ను కొట్టి 4 వేశారా లేక పుల్లలన్నీ సర్ది డబ్బాలో పెట్టేశాక బోర్డు దగ్గరికి వెళ్లారా, అది చూడాలి. రెండో పద్ధతిలో పుల్లలు ఒక ఆట, అంకెలు ఇంకో ఆట అయిపోతాయి. 'నూట ఐదు' అని చెబితే 1005 అని, 'నూట ఇరవై మూడు' అంటే 10023 అని రాసే పిల్లలు కూడా ఇలాంటి తరగతిలోంచే వస్తారు: విన్నది విన్నట్టు రాస్తున్నారు, స్థానం ఇంకా కుదరలేదు.

రెండు మూడు తరగతులు ఒకే గదిలో ఉన్నచోట పరిశీలన కాగితం మార్చుకోవాలి. తరగతికో నిలువు గడి గీసి, టీచర్ ఎవరి దగ్గర ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఉన్నారో, ఆ సమయంలో మిగతా గుంపుల చేతిలో ఏ పని ఉందో రాసుకోవాలి. నలభై ఐదు నిమిషాల్లో మూడు తరగతులకు సమంగా పంచినా ఒక్కో తరగతికి పదిహేనే. మిగతా ముప్పై నిమిషాలు టీచర్ లేకుండా గడవాలి. ఆ ముప్పై నిమిషాల పని ఎలాంటిదన్నదే ఆ బడి చదువు. "చూసి రాయండి" అయితే పదో నిమిషానికి అయిపోతుంది, ఆ తర్వాత గోల మొదలవుతుంది, టీచర్ మూడో తరగతిని వదిలి అటు వెళ్తారు, దాంతో ఇక్కడా పని ఆగుతుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో రూపుదిద్దుకున్న కార్డుల పద్ధతి ఈ చిక్కుకే జవాబు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెన చార్టులో ఏ కార్డు తర్వాత ఏదో గుర్తులతో చూపించి, కొందరు టీచర్ దగ్గర, కొందరు తోటివాళ్లతో, కొందరు సొంతంగా చేసుకునేలా అమర్చారు. కార్డులు లేని బడిలోనూ మంచి టీచర్లు ఇదే సూత్రం వాడతారు: పని అయిపోయాక ఏం చేయాలో పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది. "అయిపోయింది టీచర్, ఇప్పుడేం చెయ్యాలి?" అన్న మాట గంటలో ఎన్నిసార్లు వినబడిందో గీతలు పెట్టుకోండి. గీతలు తక్కువున్న గది బాగా నడుస్తున్నట్టు.

ద్విభాషా పాఠ్యపుస్తకాలున్నచోట ఒక పక్క ఇంగ్లిష్, ఎదురుపక్క తెలుగు. టీచర్ ఇంగ్లిష్ వాక్యం చదివి తెలుగులో చెబుతారు. పిల్లల వేలు ఏ పేజీ మీద ఉందో చూస్తే చాలు, వాళ్లు ఏ భాషలో నేర్చుకుంటున్నారో తెలుస్తుంది. తండాల్లో, గూడేల్లో ఇంకో పొర ఉంటుంది: ఇంట్లో లంబాడీయో గోండియో కోయో మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టింది ఇందుకే. ఆ పిల్లల మౌనాన్ని 'జవాబు తెలియదు' అని రాయకండి. ఇంటర్వెల్‌లో తోటివాళ్లతో ఎంత గలగలా మాట్లాడుతున్నారో చూశాకే ఏదైనా రాయాలి.

సమయం ఎక్కడ కరిగిపోతుందో కూడా గడియారంతో చూడాలి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు చెబుతుంది, అంటే రోజుకు నాలుగు గంటలు. నోట్‌బుక్కులు ఒక్కొక్క పేరూ పిలిచి పంచడం, మళ్లీ వసూలు చేయడం, బలపం లేనివాళ్లకు బలపం వెతకడం కలిపి రోజుకు పదిహేను నిమిషాలు పోతే 200 రోజులకు 50 గంటలు. అది పన్నెండు రోజుల బడి. వరసకో లీడరు, కిటికీలో ఒక డబ్బాలో చెక్కిన పెన్సిళ్లు పెట్టుకున్న టీచర్ దగ్గర ఇది ఐదు నిమిషాలకు దిగుతుంది. మధ్యాహ్న భోజనం లెక్కలు, గుడ్ల లెక్క, యాప్‌లో హాజరు, ఎంఆర్‌సీ (మండల వనరుల కేంద్రం) నుంచి ఫోన్లు – ఇవి టీచర్ చేతిలో ఉండవు. వాటిని టీచర్ లోపంగా రాయడం అన్యాయం. ఎన్ని నిమిషాలు పోయాయో మాత్రం రాసుకోండి.

ఆ ఫోన్ల వల్లే పరిశీలకులకు వచ్చే ఇబ్బంది ఒకటుంది. "ఏమ్మా, కాస్త ఐదో తరగతి చూసుకుంటావా, నేను ఈ వివరాలు పంపేసి వస్తా" అంటారు. కాదనలేం, అనకూడదు కూడా. అలాంటప్పటికి పదిహేను నిమిషాల పని ఒకటి సిద్ధంగా పెట్టుకోవాలి: ఒక పొడుపుకథ, పదాల గొలుసు, నోటిలెక్కలు. ఆ పీరియడ్‌ని మాత్రం పరిశీలనగా రికార్డులో చూపించకండి. వారంలో సగం పీరియడ్లు ఇలాగే అయిపోతుంటే మన సూపర్‌వైజర్‌కి చెప్పడం మన పని, హెచ్‌ఎం గారితో వాదించడం కాదు.

దీనికి ఎదురు ఇబ్బంది, మన కోసం ప్రత్యేకంగా తయారుచేసిన పాఠం. కొత్త చార్టులు, అట్టల బొమ్మలు, చురుకైన పిల్లలు ముందు వరసలో. ప్రశ్న పూర్తికాకముందే జవాబొచ్చేస్తుంటే నిన్న అదే పాఠం అయిపోయిందని అర్థం. తప్పు పట్టక్కర్లేదు, ఎవరైనా చూడ్డానికొస్తే ఇల్లు సర్దుకుంటాం. మూడో రోజుకు ఆ సర్దుడు ఆగిపోతుంది. అసలు పరిశీలన అక్కడి నుంచే.

నోట్‌బుక్కులు టీచర్‌ని అడిగి, ఒక తరగతివి ఐదారు చాలు, సాయంత్రం చూడాలి. అందరి పుస్తకాల్లో ఒకే అక్షరదోషం ఉంటే అది బోర్డు మీదిది. దిద్దిన తప్పు కింద పిల్ల మళ్లీ రాసిందా, లేక ఎర్ర గీత అలాగే ఉందా చూడాలి. ఎఫ్‌ఏలో (నిర్మాణాత్మక మూల్యాంకనం) నాలుగు సాధనాలుంటాయి: పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. రాత అంశాల కింద మార్కులు పడేది సొంత వాక్యాలకు. ఐదు పుస్తకాల్లో జవాబు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటే అది గైడులోదో, బోర్డు మీదదో.

టీచర్‌తో మాట్లాడటానికి భోజనం తర్వాతో, నాలుగు తర్వాతో ఒక పావుగంట అడిగి తీసుకోవాలి. "అలా ఎందుకు చేశారు మేడం?" అంటే ఎవరైనా తమను తాము సమర్థించుకుంటారు. "మేడం, పదకొండో నంబరు చోట కూర్చునే పాప బోర్డు చూసి అక్షరం అక్షరం రాస్తోంది, ఎప్పట్నుంచి ఇలా?" అని పిల్లల గురించి అడిగితే ఆ ఇంటి సంగతులు, రెండేళ్ల హాజరు, ఇంతకుముందు చేసి చూసిన ప్రయత్నాలు అన్నీ బయటికొస్తాయి. మన కాగితంలోని ఎనభై అక్షరాలు ఎప్పటికీ చెప్పలేనివి అవి. ఆ సంభాషణ నలుపు పెన్నుతో, తరగతిలో చూసింది నీలంతో రాసుకుంటే, కళ్లారా చూసింది ఏది, ఒకరు చెప్పింది ఏది అన్నది కలిసిపోదు.

రికార్డు అదే రోజు రాయాలి. ఆదివారం కూర్చుని వారం మొత్తం రాస్తే 'ఉపాధ్యాయులు పాఠ్యాంశాన్ని సోదాహరణంగా వివరించారు, విద్యార్థులు ఆసక్తిగా విన్నారు' అన్న వాక్యం అన్ని పేజీల్లోనూ పడుతుంది. సీనియర్ల రికార్డుల్లో ఉండేదీ అదే, వాళ్ల సీనియర్ల రికార్డుల్లో ఉండేదీ అదే. 'ఆసక్తిగా' అని రాయాలనిపించినప్పుడల్లా ఎవరు, ఏం చేస్తుండగా చూసి అలా అనిపించిందో ఆ మాట స్థానంలో రాయండి.

పరిశీలన వారాలు అయిపోయి మనం పాఠం చెప్పే వంతు వచ్చినప్పుడు తరగతి మొత్తానికి ఒకేసారి చెప్పబోవద్దు. టీచర్ అనుమతిస్తే ఐదుగురు పిల్లలు, పదిహేను నిమిషాలు, ఒకే ఒక్క అంశం – ఉదాహరణకు ఆ 53 – 27. తోటి ఛాత్రోపాధ్యాయుల్లో ఒకర్ని పక్క మూలలో కూర్చోబెట్టి, ఆ ఐదుగురికీ ప, వి, కా, ఎ, బ వేయమనాలి. ప్రశ్న అడిగాక మనం ఎన్ని సెకన్లు ఆగుతున్నామో కూడా లెక్కపెట్టమనాలి. ఆ కాగితాన్ని రికార్డుకు జతచేయక్కర్లేదు. మర్నాటి పాఠ్య ప్రణాళిక రాసేటప్పుడు బల్ల మీద ఉంటే చాలు.